చివరి పదహారు పేజీలు

బైండరక్క ఇరవై ఆరేళ్లుగా లైబ్రరీ వెనక గదిలో పుస్తకాలు కుడుతోంది. ఇన్నేళ్లలో ఒక్కటి కూడా చదవలేదు. పని నేర్పిన నాన్న మొదటి రోజే చెప్పాడు: పేజీ నంబరు చూడు, దారం లాగు, జిగురు రాయి, అక్షరాల జోలికి మాత్రం పోకు. పోతే రోజుకి పది కాదు, రెండు కూడా తెమలవు. ఆవిడ ఆ మాట జవదాటలేదు.

సోమవారం పదకొండింటికి ఎదురు వీధి టైలరమ్మ ఆ గదిలోకి వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది. చేతిలో పుస్తకం లేదు.

"నన్ను దొంగని చేశారక్కా," అంది.

సంగతేమిటంటే, శనివారం ఆమె ఒక దెయ్యం నవల తీసుకెళ్లింది. హంతకుడి పేరు బయటపడే సమయానికి రెండు వందల ఇరవై నాలుగో పేజీ దగ్గర పుస్తకం ఆగిపోయింది. చివరి పదహారు పేజీలు లేవు. పొద్దున్నే కౌంటర్ దగ్గరికి తెచ్చి తనే చూపించింది. లైబ్రేరియన్ మేడమ్ రిజిస్టర్ తీసింది. పుస్తకం ఏడేళ్ల కిందట బైండింగ్ అయింది. ఆ తర్వాత ఏ అరలోనో మరుగున పడి ఎవరి చేతికీ వెళ్లలేదు. మొదట తీసుకున్నది టైలరమ్మే. బైండింగ్ అయినప్పుడు అన్ని పేజీలూ ఉన్నట్టు అట్ట లోపల బైండరు సంతకం ఉంది. అంటే చింపింది ఎవరు? పేజీలు చింపినవాళ్ల కార్డు జన్మలో తిరిగి ఇవ్వరు. గురువారం లైబ్రరీ కమిటీ విచారణ.

"పొద్దున్నుంచీ కాలర్లు, జిప్పులు. మధ్యాహ్నం చదువుకునే ఆ గంటే నాది. అది కూడా పోతే ఎలా అక్కా?"

బైండరక్క కౌంటర్ నుంచి పుస్తకం తెప్పించి వెనక వైపు తెరిచింది. కాగితం చింపితే మడత దగ్గర కొస మిగులుతుంది. ఇక్కడ కొస లేదు. దారం చెక్కుచెదరలేదు. పదహారు పేజీలకి ఒక ఫారం లెక్కన పద్నాలుగు ఫారాలు కుట్టి ఉన్నాయి. పదిహేనోది అసలు సూది ఎక్కలేదు. అట్ట లోపల పెన్సిల్‌తో 'సరిచూశాను' అన్న మాట, కింద తన సంతకం.

తప్పు తనదే. నోరు మూసుకుంటే సరిపోతుందన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది, టైలరమ్మ మొహం చూశాక పోయింది. కానీ ఉత్త మాట ఎవరు నమ్ముతారు? స్నేహితురాల్ని కాపాడటానికి నింద నెత్తిన వేసుకుంటోందంటారు. పేజీలు కావాలి.

ఎక్కడికి పోయి ఉంటాయో ఆవిడకి తెలుసు. ఆ గదిలో కాగితం పారేసే అలవాటు లేదు. చెడిపోయిన కాగితాలన్నీ పేలికలుగా కోసి, లావు పుస్తకాల వీపుకి బలం కోసం అంటిస్తారు. ఆ ఫారం జారి చెత్త కాగితాల్లో పడి ఉంటే, తన చేత్తోనే కోసి ఏదో పుస్తకానికి అంటించి ఉంటుంది. పాత పని పుస్తకం తీసింది. ఆ వారం కట్టిన లావు సంపుటాలు పదకొండు.

చిక్కల్లా ఒకటే. వీపు విప్పితే నానా పుస్తకాల పేలికలూ వస్తాయి. వాటిలో ఈ నవలవి ఏవో గుర్తుపట్టాలంటే అందులోని మనుషుల పేర్లు తెలియాలి. నాన్నకి మనసులోనే ఒక దణ్ణం పెట్టి మొదటి పేజీ తెరిచింది. పేర్ల కోసమే. నాలుగు పేజీలు, అంతే.

నాలుగు నలభై అయ్యాయి.

కథలో ఒకావిడ చనిపోయిన తన మేనత్త ఇంట్లో గుండీల దుకాణం నడుపుతుంది. మేనత్త చనిపోయింది గానీ ఇల్లు వదల్లేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, దుమ్ము సరిగ్గా తుడవలేదని సణుగుతూ ఉంటుంది. పక్కింటి గడియారాల ముసలాయన మెట్ల మీంచి పడి చనిపోతాడు. పడ్డాడా, తోశారా? నెత్తురు లేదు, కేకలు లేవు. దెయ్యమేమో టీ చల్లారిపోతోందని గోల. ఇంత హాయిగా ఉండే హత్య కూడా ఉంటుందని బైండరక్కకి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. స్టౌ మీద గిన్నెలో జిగురు మాడి గడ్డకట్టింది. ఆవిడ తల ఎత్తలేదు.

మంగళవారం టైలరమ్మ తొంగి చూసింది. "దొరికాయా అక్కా?"

"నూట పదో పేజీలో ఉన్నాను."

"నేనడిగింది చివరి పేజీల గురించి."

"ఉండమ్మా తల్లీ. ఆ మేనత్త ఏదో చెప్పబోతోంది."

టైలరమ్మ నెత్తి కొట్టుకుంది. అయినా పోలేదు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, హంతకుడు ముసలాయన మేనల్లుడే అయ్యుంటాడంది. బైండరక్క ఒప్పుకోలేదు. ముసలాయన డైరీలో ఒక పేజీ ఎవరో కొత్తగా అతికించారట, దుకాణం ఆవిడ ముట్టుకుంటే జిగురు వాసన వచ్చిందట. ఆ వాసన మూడు రోజులకి మించి నిలవదు. ఆ మూడు రోజుల్లో మేనల్లుడు ఊళ్లో లేడు. ముసలాయన ఇంటికి వచ్చి వెళ్లింది డాక్టరు ఒక్కడే. "చదువు సంగతి నాకు తెలీదు గానీ, జిగురు సంగతి నాకు చెప్పకు," అంది.

బుధవారం తలుపు వేసుకుని పనిలోకి దిగింది. తడిగుడ్డ పరిచి, నానబెట్టి, ఒక్కో వీపూ ఒలిచింది. మొదటి ఆరు సంపుటాల్లో పశువుల మందుల జాబితాలు, పాత పరీక్ష పేపర్లు బయటపడ్డాయి. ఏడోది వర్షపాతం నివేదిక. దాని వీపు మీద మూడో పేలికలో 'మేనత్త ముక్కు చీదింది' అని కనపడగానే బైండరక్క చేతిలోని గుడ్డ కింద పెట్టేసింది. ఆ పేలిక చిరగకుండా ఒలవడానికి రెండు చేతులూ కావాలి.

సాయంత్రానికి పేలికలన్నీ పలచటి కాగితం మీద వరసగా అతికి పదహారు పేజీలయ్యాయి. రెండు చోట్ల అక్షరాలు చెదిరాయి. హంతకుడు డాక్టరే.

గురువారం కమిటీ ముందు ఆవిడ ఫారం ఒక పక్కా, విప్పిన నివేదిక ఇంకో పక్కా పెట్టింది. కుట్టు ఎక్కడ ఆగిందో, పేలికలు ఎక్కడ దొరికాయో చూపించింది. చింపినవాళ్లు ఎవరూ లేరనీ, కుట్టకుండా సంతకం పెట్టింది తనేననీ చెప్పింది. ఛైర్మన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఇది మొదటి మచ్చ అవుతుందని, రికార్డులో రాయక తప్పదని అన్నాడు.

"రాయండి సార్. పూర్తిగా రాయండి. వెతికి పట్టుకున్నది కూడా నేనేనని రాయండి."

ఆయనకి నవ్వొచ్చింది. రెండూ రాశాడు. కార్డు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మేడమ్ మాత్రం టైలరమ్మ దగ్గరికి వచ్చి, తొందరపడ్డానమ్మా అంది, అందరికీ వినపడేలాగే.

ఫారం కుట్టడం మధ్యాహ్నానికి పూర్తయింది. టైలరమ్మ కౌంటర్ దగ్గర కార్డు పెట్టింది. మేడమ్ ముద్ర వేస్తూ, ఇంత గొడవ చేసిన ఆ హంతకుడెవరో చూద్దామని చివరి పేజీ వైపు వేలు పోనిచ్చింది. టైలరమ్మ అట్ట మీద అరచెయ్యి పెట్టి మూసేసింది.

"కార్డు మీద ఉన్నది నా పేరు మేడమ్. పదిహేను రోజులాగి రండి."

వెనక నుంచి బైండరక్క, ఆ తర్వాత వంతు తనదని, మొదటి నుంచీ మళ్లీ చదవాలని, కొత్త కార్డుకి దరఖాస్తు ఎక్కడుందని అడిగింది.