రాళ్లబావి పక్క దోవ

ఇంటికి తీసుకపోండి అని ఆదోని డాక్టరు అన్నప్పటినుంచి మా అమ్మ ముత్తమ్మది ఒకటే మాట.

"నన్ను ఏ దోవన తీసుకపోతావు మారెప్పా?"

శ్మశానానికి పోయే దోవ వంక అవతలి గట్టున, బాలరాజు చేని అంచున ఉండేది. ఈ ఏడు ఆయన దోవకు అడ్డంగా కంచె తీగ లాగినాడు. "ముందునుంచీ ఈడ దోవ ఉండిందని కాగితం చూపించప్పా, నేనే తీగ పీకేస్తా" అన్నాడు.

మా అన్న కూతురు రేణుక కర్నూల్లో యూనివర్సిటీలో చదువుతాంది. పాత సర్వే పటాలు వాళ్ల లైబ్రరీలో ఉంటాయని చెప్పింది. ఎమ్మిగనూరులో బస్సెక్కినాను. దోవ పొడుగునా ఫోను చేతిలోనే. మోగుతాదేమోనని భయం. మోగకపోయినా భయమే.

లైబ్రరీలో పటాలు చూసుకునే ప్రదీప్ సార్ ముందు గళ్లు గీసిన కాగితమొకటి పరిచినాడు. గడికొక పటమంట. మా గోనెగండ్ల ఏ గడిలో వస్తాదో రేణుక వేలు పెట్టి చూపించింది. సార్ ఇనప బీరువాలో వెడల్పాటి సొరుగు లాగి పటం తీసినాడు. నేను పుట్టకముందు అచ్చేసింది. నా చేతులకు చెమట. పంచెకు తుడుచుకున్నాను గానీ ముట్టుకోలేదు.

"ఎవరి చేను ఏదో ఇందులో ఉండదన్నా. వంకలు, బావులు, దోవలు ఉంటాయి" అన్నాడు సార్.

మా ఊర్లో ఏది చెప్పినా వంకతోనే చెప్తాం. వంకకు అవతల, వంకకు ఇవతల. అందుకే నేను వంకనే వెతికినాను. చిక్కింది. దాని అవతలి గట్టున చుక్కల గీత, శ్మశానం గుర్తు దాకా.

"అవతలే! బాలరాజు చేనే!"

చదువుకునే పిల్లలు తలలెత్తి చూసినారు.

"మెల్లగా చిన్నాయనా, ఇది సంత కాదు" అని నవ్వుతా రేణుక ఫోటోకు ఫోను ఎత్తింది.

అప్పుడు కనపడింది నాకు. గీతను ఆనుకొని నీలం సున్న.

"ఇదేంది సార్?"

"రాళ్లు కట్టిన బావి."

ఆ చుట్టుపక్కల రాళ్లబావి మా చేన్లోదొక్కటే.

"మన బావి వంకకు ఇవతల గదా" అనింది రేణుక. "బావి నడిచి పోయిందా?"

"బావి యాడ నడుస్తాది. వంకే నడిచింది."

ఈ పటం అచ్చేసినాక, నేను పుట్టకముందే పెద్ద వరదొచ్చి వంక బావికి అవతలికి జరిగిందని మా నాయన చెప్పేవాడు. పాత వంకలో మేట పడిన ఒండ్రుమట్టిని దున్ని చేన్లో కలుపుకున్నామని గొప్పగా చెప్పేవాడు. దాంతోపాటు కలిసిపోయిన దోవ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

"ఫోటో తీసేదా వద్దా?" రేణుక గొంతు తగ్గింది.

"తియ్యి."

ఫోను మోగింది. నా భార్య మల్లేశ్వరి. చెమట వేలు ఆన్చితే ఫోను ఒక పట్టాన పలకలేదు.

"అత్త గంజి తాగింది" అనింది ముందుగానే. "దోవ దొరికిందా అని అడుగుతాంది."

"దొరికింది. మన శెనక్కాయ చేన్లో. బావి పక్కన."

"ఇంగా కాయలు పట్టే ఊడలు గూడా భూమిలోకి దిగలేదే" అనింది.

"దోవ మేరకు చెట్లు పీకల్ల."

"ఎంత వెడల్పు?"

పక్కన అమ్మ వింటాంటాది.

"నలుగురు నడిచేంత" అన్నాను.