తడి కాళ్ళ పెద్ద

పకేబ్కిని గట్టు మీద నుంచి ఈడ్చుకుపోతుంటే ఊరంతా చూసింది. అతను చేసిన నేరం ఒక్కటే. ఎస్టేటు తూము మూసి, నైలు నీళ్ళను ఎండుతున్న ఊరి చేలకు మళ్ళించాడు. రోములో కూర్చున్న దొరకు ద్రాక్షతోట తడవాలి, ఊరికి బార్లీ మొలవాలి. నీళ్ళు మాత్రం దొర మనుషుల కర్రల కింద ఉన్నాయి.

"అన్నా, జామీను పలుకు" అని పకేబ్కి అరిచాడు.

ఆ అన్న రైతుసంఘం పెద్ద ఒర్సెనూఫి. సభ్యుడెవడు పట్టుబడినా మిగతావాళ్ళు జామీను నిలిచి విడిపించుకు రావాలని, మొసలి దేవుడి ఎదుట బార్లీ కల్లు కుండ మీద చేతులు పెట్టి అందరూ ఒట్టేసుకున్నారు. పెద్ద పలకకుండా ఇంకెవరూ పలకకూడదన్నదీ ఆ ఒట్టులోనే ఉంది. ఒర్సెనూఫి బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. ఆ పొద్దున్నే ఎస్టేటు పెత్తందారు లూకియుసు అతని పొలానికి ముందుగా నీళ్ళు వదిలించాడు. సంఘం పెద్ద నోరు మూయించడానికి ఒక్క తడి చాలింది. పెద్ద పలకలేదని మిగతావాళ్ళూ పలకలేదు.

ఎస్టేటు ఖైదు కొట్లోంచి పకేబ్కి శవమై వచ్చాడు.

సభ్యుడు పోతే అందరూ గుండ్లు గీయించుకోవాలి. మంగలిని వెంటబెట్టుకుని పకేబ్కి ఇంటికి వెళ్ళారు. దారిలో ఒర్సెనూఫి ఆగి కాళ్ళ బురద కడుక్కున్నాడు. ఊళ్ళో అందరి కాళ్ళకూ దుమ్మే, బురద అతనొక్కడికే. కడుక్కున్నాక ఇంకా సిగ్గేసింది.

పకేబ్కి పెళ్ళాం తామిస్థ గడపకు అడ్డంగా నిలబడింది.

"బతికుండగా నోరు పెగల్లేదు, చచ్చాక తల గీయించుకుంటారా బావా? ఆ వెంట్రుకలు నేనేం చేసుకోను? పొండి."

ఆ రాత్రి సంఘం పాకలో ఎవరూ కల్లు ముట్టలేదు. చేలు వదిలి గుడిలో తలదాచుకుందామని కొందరు, అధికారి కాళ్ళ మీద పడదామని కొందరు వాదించుకున్నారు. కొల్లూతి అనే కుర్రరైతు మాత్రం పెద్ద కాళ్ళ వంకే చూస్తున్నాడు.

"అందరి చేలూ నోళ్ళు తెరిచాయి. నీదొక్కటే ఎట్టా తడిసింది పెద్దా?"

అబద్ధం ఆడొచ్చు. ఒర్సెనూఫికి ఆ ఓపిక లేకపోయింది.

"నన్ను కొన్నాడురా. ఒక్క తడికి కొన్నాడు. కంచెనై నేనే చేను మేశాను."

కొట్టడానికి లేచినవాళ్ళను కొల్లూతే ఆపాడు. "ఈయన్ని తన్ని మనం కడిగేసుకుందామనా? ఈయన నోరు అమ్ముకున్నాడు సరే, మన నోళ్ళకేమైంది? పీక మీదికొచ్చినా కట్టుబాటేనా?"

చివరికి మళ్ళీ కుండ మీద చేతులు పెట్టారు. ఇకనుంచి చూసినవాడే ముందు పలకాలని ఒట్టేసుకున్నారు. ఒర్సెనూఫి సంఘం పెద్ద కూర్చునే చాప మీద నుంచి లేచి గుమ్మం దగ్గర అందరి వెనకా కూర్చున్నాడు.

తెల్లారాక సంఘమంతా కలిసి ఎస్టేటు తూము మళ్ళీ మూసి, నీళ్ళను ఊరి చేలకు మళ్ళించింది. మొదటి మట్టితట్ట ఒర్సెనూఫిదే. లూకియుసు భటులతో వచ్చి ఎవడి పని అని అడిగితే నాదే అన్నాడు ఒర్సెనూఫి. చేతులకు తాడు పడింది. తనకు ఇది తగినదే అనుకున్నాడు.

"నేను జామీను" అన్నాడు కొల్లూతి. కాలవలోంచి ఒకడు, గట్టు మీంచి ఇద్దరు, ఆపైన లెక్కలేదు.

జామీను చెల్లదన్నాడు లూకియుసు. అయితే మమ్మల్నీ కొట్లో పెట్టమని అందరూ భటులను చుట్టుముట్టి నడిచారు. మనిషి ప్రాణాలతో బయటికి రానిదే ఒక్క చెయ్యీ తూము తెరవదన్నారు.

నడివీధిలో తామిస్థ నీళ్ళకుండతో నిలబడి ఉంది. ముందు ఒర్సెనూఫి కాళ్ళు చూసింది. తర్వాత అందరి కాళ్ళూ చూసింది. అందరివీ మోకాళ్ళదాకా బురదే.

"నిన్ను క్షమించలేదు బావా. ఎప్పటికీ క్షమించను. కూచో, గుండు గీయించుకో."

ఒర్సెనూఫి తాడుతోనే వీధిలో కూలబడి ఏడ్చాడు. ఊరంతా అతని వెనక బారులు తీరి కూర్చుంది. భటులు మధ్యలో చిక్కుకుని తాడు కొస పట్టుకుని నిలబడ్డారు. ఊళ్ళో ఉన్న మంగలి కత్తి ఒక్కటే. అన్ని తలలూ అయ్యేలోగా ఊరి చేలన్నీ తడిసిపోతాయని లూకియుసుకు ఆలస్యంగా అర్థమైంది.