రుక్కమ్మ కట్టెలు

కట్టెలు కొనుక్కునేవాళ్లంటే మాదాపూర్ సత్తెమ్మకు చిన్నచూపు. కళ్లుండగా కొనడమేమిటని ఆమె వాదన. రాయదుర్గం గుట్టల్లో ఎండిన సీతాఫలం కొమ్మలు, వడ్రంగి ఐలయ్య కొట్టం ముందు పడే చెక్కపేళ్లు, పోలీసు చర్య తర్వాత పటాలం డేరాలు ఎత్తేసి పోతూ వదిలేసిన పెట్టెల బల్లలు, ఎవరిదో విరిగిన బండి చక్రం, ఏది కనబడినా కొంగు నడుముకు బిగించేది. దారిలో పలకరిస్తే జవాబిచ్చేది గానీ, చూపు మాత్రం మన కాళ్ల దగ్గర పుల్ల ఏమైనా ఉందా అని వెతికేది. పెళ్లికి వెళ్లి పందిరి గుంజలు ఎప్పుడు పీకుతారని అడిగిన మనిషి.

ఆ ఏడు మాత్రం ఆమె ఆత్రానికి కారణముంది. బిడ్డ కనకలక్ష్మి తొలికాన్పుకు వచ్చింది. బాలింతకు, పసిగుడ్డుకు పూటపూటా కాగెడు వేడినీళ్లు కావాలి. చలి సోకితే బాలింత మంచాన పడుతుందని సత్తెమ్మకు గట్టి భయం. తన తొలికాన్పులో తానట్లాగే పడి, చాలా రోజులు లేవలేదు. అందుకే పెరట్లో చూరు కింద, తడవకుండా, గోడ వెంట కట్టె పేర్చింది.

చిక్కంతా కాముని పున్నమితో వచ్చింది. కాముణ్ణి కాల్చే మంటకు పడుచువాళ్లు ఎవరింట్లో కట్టె కనబడినా ఎత్తుకుపోతారు. ఆ ఒక్కనాడు అది దొంగతనం కాదు. కుప్పలో పడినదాన్ని తిరిగి అడగకూడదు, అడిగితే ఊరంతా నవ్వుతుంది. అంతకుముందు ఏడు పట్వారీ ఇంటి నిచ్చెన పోయింది. ఆయన పాపం మంట దగ్గర నిలబడి, తన నిచ్చెన మెట్టు మెట్టుగా కాలడం చూసి, బాగా మండుతోందని మెచ్చుకుని ఇంటికి వెళ్లాడు.

ఆ సాయంత్రం సాయిలు తన జతగాళ్లతో డప్పు కొట్టుకుంటూ వచ్చి పెరట్లోకి తొంగిచూశాడు. కుప్ప చూసి వాడికి కళ్లు చెదిరాయి. సత్తెమ్మ అడ్డం నిలబడింది. తిట్టింది, బతిమాలింది, బాలింత పేరు చెప్పింది. బాలింత ఇంకా కాలేదు గదా అని వాళ్లు ఒక మొద్దు భుజానికెత్తారు. అప్పుడు ఆమె నోట్లోంచి ఆ మాట జారింది.

"అది మా అత్త కాష్టానికి పెట్టిన కట్టె. కొండవొయ్యి కామునికి పెట్టుర్రి. రేపు ఆమెనే వచ్చి మిమ్ముల్ని అడుగుతది."

డప్పు ఆగింది. సాయిలు మొద్దును పసిపిల్లను పడుకోబెట్టినట్టు నెమ్మదిగా కింద పెట్టి వెళ్లిపోయాడు.

ముసలివాళ్లు కొందరు తమ కాష్టానికి కట్టె ముందే పోగుచేసి పెట్టుకోవడం ఊళ్లో ఉన్నదే. ఆ కట్టెను పండుగ మంటలోనూ వేయరు, ఇంటి పొయ్యిలోనూ పెట్టరు. ఇందులో మొదటి సగమే సత్తెమ్మకు సమయానికి గుర్తొచ్చింది.

అత్త రుక్కమ్మ అప్పుడు వాకిట్లో కూర్చుని వేయించిన చింతగింజలు నములుతోంది. పండ్లు అంత గట్టివి. తన చావు కబురు ఆమెకు మరునాడు, కడసారి చూసిపోదామని వచ్చినవాళ్ల వల్ల తెలిసింది. బోరబండ నుంచి చెల్లెలి కొడుకు దారి పొడుగునా ఏడుస్తూ వచ్చాడు. జామపండ్లు తెచ్చిన పక్కింటి బుచ్చమ్మ, ముసలామె వాటిని కసుక్కున కొరకడం చూసి కొంచెం నిరాశపడింది. వాళ్లు తెచ్చినవన్నీ తిని, రుక్కమ్మ కోడలితో మాట్లాడటం మానేసింది. ఆమెకు నిజంగానే మనసు విరిగింది. తనకు కూడు పెట్టే చేయి తన కాష్టానికి కట్టె ఏరిందని వింటే ఎవరికైనా విరుగుతుంది. సత్తెమ్మ ఎన్నిసార్లు సర్దిచెప్పబోయినా వినబడనట్టే ఉండిపోయింది. చెవులు కూడా గట్టివే.

వారం తిరగకముందే కనకలక్ష్మి ఆడపిల్లను కన్నది. మంత్రసాని పోచమ్మ పెరటి చూరు కింద నీళ్ల కాగు ఎక్కించి, కట్టె కోసం చేయి చాచి, ఆగిపోయింది. కాష్టం కట్టెతో కాగిన నీళ్లు పసిగుడ్డు మీద పోయనంది. అబద్ధమాడానని సత్తెమ్మ ఒట్టు పెట్టింది. పోచమ్మ నమ్మలేదు, ముసలామెను చూడవచ్చి ఏడ్చినవాళ్లలో తానూ ఉంది మరి. ఇరుగుపొరుగును అడిగితే, ఉన్నదంతా కాముని పాలైందని ఒకరన్నారు, ఏనాడైనా ఒక పుల్ల ఇచ్చావా అని ఇంకొకరు దెప్పారు. పొద్దుటి నుంచి అకాల వాన. సత్తెమ్మ మొగుడు నర్సింహ గుట్టలకు వెళ్లి, తడిసిన మోపుతో, తడిసిన మీసంతో తిరిగొచ్చాడు. లోపల కనకలక్ష్మి వణుకుతోంది. సత్తెమ్మ కుప్ప ముందు కూలబడి ఏడ్చింది. ఊళ్లో ఎవరికీ లేనంత కట్టె ఉండి, చెంబెడు నీళ్లు కాచుకోలేనిది ఆమె ఒక్కతే.

రుక్కమ్మ కర్ర పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. కుప్పలోంచి పటాలం బల్లలు లాగి, కాగు కింద పెట్టి అంటించింది. నీళ్లు మరిగాక, చల్లనీళ్లు కలిపించి, స్నానాల బండ మీద కూర్చుని కోడలిని పిలిచింది. పున్నమి తర్వాత ఆమె కోడలితో మాట్లాడటం అదే మొదలు.

"నా నెత్తి మీద పొయ్యవే."

సత్తెమ్మ పోసింది. ముసలామె వీపు ఇంత చిన్నదైపోయిందని ఆమె అంతవరకు గమనించనే లేదు.

తల తుడుచుకుంటూ రుక్కమ్మ మంత్రసాని వైపు తిరిగింది.

"నా కట్టె మండింది. నా పీనుగుకు తానం గూడ అయిపొయ్యింది. ఇగ మిగిలింది ఇంటి కట్టె. నీకేమన్న పరేషాన్ ఉంటె నన్నే అడుగు, బతికే ఉన్న."

ఆ మాటలో తప్పెక్కడుందో పోచమ్మకు దొరకలేదు. కాగు మళ్లీ నింపింది.

కనకలక్ష్మి ఒళ్లంతా ఆవిరి కమ్మేలా నీళ్లు పోసుకుంది. పసిగుడ్డు ఊరంతా వినబడేలా ఏడ్చింది. రుక్కమ్మ పొయ్యి దగ్గరే కూర్చుని, కుప్ప తరిగిపోతుంటే చూస్తోంది.

"నేను పోయిననాడు నువ్వు మళ్ల గుట్టలన్ని తిరగాలె సత్తీ," అంది. "తొందరేం లేదు. నిమ్మలంగ ఏరుకో."

సత్తెమ్మ ఇంకో మొద్దు తెచ్చి, అత్త కాళ్లకు సెగ తగిలేట్టు పొయ్యిలోకి జరిపింది.