పరదా వెనక పచ్చజొన్న రొట్టె

“లోపట్నే ఉండు, గిరాకీ మొదలైంది,” అన్నాడు దివాకర్ భార్యతో, పాత ఫ్లెక్సీతో కట్టిన పరదాను ఇంకాస్త ముందుకు లాగుతూ.

సుమన అప్పుడే జొన్నపిండిలో కాగిన నీళ్ళు పోసింది. చెయ్యి పెట్టగలిగేంత చల్లారగానే పిసకాలి. పూర్తిగా చల్లారితే పిండికి జిగి పోయి రొట్టె విరిగిపోతుంది. పెళ్ళయిన కొత్తలో ఇంటి పరువన్నారు, దుకాణం పెట్టాక గిరాకీ అంటున్నారు. కారణం మారింది గానీ ఆమె కూచునే చోటు మారలేదు. ఆమె చేసిన రొట్టె ఊరంతా తినొచ్చు, ఆమెను మాత్రం ఎవరూ చూడకూడదు. ఇదేం మర్యాదో ఆ పరదా కట్టిన వాళ్ళకే తెలియాలి.

కల్వకుర్తి నుంచి శ్రీశైలం వైపు పోయే రోడ్డు పక్కన సాయంత్రమైతే రొట్టెల దుకాణాలు వరుసగా తెరుస్తారు. అన్నిచోట్లా తెల్లజొన్న రొట్టెలే, అదే పప్పు, అదే కారం, అదే ధర. పక్క దుకాణం బాలస్వామి ధర తగ్గించిన రోజు దివాకర్ కూడా తగ్గిస్తానని లేచాడు.

“ఆయన తగ్గిస్తే మనం తగ్గియ్యాలె. యాపారమంటే గంతే.”

“తగ్గించుకుంట పోతే ఆఖరుకు ఊకెనే పెట్టాలె,” అంది సుమన. “మనది వాళ్ళసొంటిది కాదని తెలిస్తే తగ్గించే పనేముంది?”

“ఇంటర్ చదువు రొట్టెల మీద చూపెడుతున్నవా?” అని నవ్వాడు దివాకర్. నవ్వితే నవ్వాడు గానీ, ఆమె చూపించింది ఆ చదువే. ఇంటర్లో ఏకస్వామ్య పోటీ పాఠం చెబుతూ లెక్చరర్ సబ్బుల సంగతి ఎత్తాడు. సబ్బులన్నీ మురికి వదిలించేవే, అయినా ఒక్కో ఇల్లు ఒక్కో సబ్బును పట్టుకుని వదలదు. అమ్మేవాళ్ళు ఎంతమందున్నా, తన సరుకులో తేడా చూపించినవాడు తన మేరకు తానే రాజు అన్నాడాయన. రాణి సంగతి ఆయనా చెప్పలేదు, పుస్తకంలోనూ లేదు. మరుసటి ఏడు పెళ్ళి చేశారు, పుస్తకాలు అటకెక్కాయి, పాఠం మాత్రం ఆమెతోపాటే అత్తగారింటికి వచ్చింది.

తేడా కోసం ఆమె ఎక్కడికో పోలేదు. తల్లిగారి ఊళ్ళో వాన మీదే పండే పచ్చజొన్న ఉంది. ఆ రొట్టెకు కమ్మటి వాసన, నమిలితే చిరుతీపి. మూటలు తెప్పించింది. నిలవ పిండితో రొట్టె పగులుతుందని ఎప్పటికప్పుడు కొంచెమే గిర్నీలో పట్టించింది. పక్కన పుంటికూర, అంటే గోంగూర, పెట్టింది. నెల తిరగకముందే శ్రీశైలం పోయే కార్లు వాళ్ళ దుకాణం వెతుక్కుని ఆగడం మొదలైంది. ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తుంటే, “పచ్చజొన్న నా అయిడియానే అన్నా,” అంటూ దివాకర్ గొప్పలు పోవడం పరదా వెనకున్న ఆమెకు వినిపించింది. అత్త భద్రమ్మ వాడకట్టంతా తిరిగి, “మా కొడుకు చేతిల మస్తు బర్కత్ ఉన్నది, ఏది పట్టినా కలిసొస్తది,” అని చెప్పుకొచ్చింది. ఆ మాట విన్నప్పుడు సుమన తన అరచేతుల బొబ్బలకు కొబ్బరినూనె రాసుకుంటోంది. ఆమెకు ఒళ్ళు మండింది.

ఆ తర్వాత బాలస్వామి దుకాణం మీదా పచ్చజొన్న అని రాత పడింది. వారానికల్లా వరుసంతా పచ్చజొన్నే. వాళ్ళు చేసిందల్లా తెల్లజొన్న పిండిలో ఇంత పసుపు కలపడం. రొట్టె పచ్చగానే ఉంటే, దారిన పోయేవాళ్ళకు తేడా ఏం తెలుస్తుంది? గిరాకీ మళ్ళీ పలచబడింది. సుమనకు అప్పుడు వెలిగింది. తేడా ఉంటే సరిపోదు, అది కొనేవాడి కంట పడాలి. పరదా వెనక దాచిన తేడాను ఎవరైనా ఎత్తుకుపోతారు.

“పరదా తీసేద్దాం,” అంది. “జొన్నలు పళ్ళెంల పోసి ముందట పెడుదాం. నేను అందరు చూస్తుండంగనే రొట్టెలు కొడుత.”

“పెండ్లాన్ని రోడ్డు మీద కూసోబెట్టి బతుకుతున్నడంటరు నన్ను,” అన్నాడు దివాకర్. పరదా వెనక కూచోబెట్టి బతకడానికి మాత్రం అతనికి సిగ్గు లేదు!

రెండు రోజుల తర్వాత, “ఇయ్యాల పిండి నేనే పట్టిచ్చుకొచ్చిన, నీకు ఫికర్ లేదు,” అని సంచి దించాడు. సుమన కాగిన నీళ్ళు పొయ్యగానే గుప్పున పసుపు వాసన కొట్టింది. పిసికిన చేతులు ఎంత కడిగినా రంగు వదల్లేదు. పరదా అవతల ఎవరో ముసలాయన గొంతు వినిపించింది.

“అయ్యా, గిది నిజంగ పచ్చజొన్నదేనా? చిన్నప్పుడు మా అవ్వ చేసేది, మళ్ళ దొరకలె.”

“నిఖార్సైంది పెద్దాయనా, కూసోండ్రి,” అన్నాడు దివాకర్.

సుమన పిండి పళ్ళెం పక్కకు నెట్టి లేచింది. ఇప్పుడు ఊరుకుంటే తన రొట్టె ఉండదు. వరుసలో ఇంకో దుకాణం, ఇంకో పసుపు ముద్ద, అంతే. పరదా పక్కకు లాగి బయటికొచ్చింది.

“కాదు పెద్దనాయిన,” అని రెండు చేతులూ చూపించింది. “ఇయ్యాల పిండిల పసుపు కలిసింది. ఇది మా రొట్టె కాదు, మీకు పెట్టను. రేపు రాండ్రి. మీ ముందటనే చేస్త.”

ముసలాయన ఆమె చేతుల వంకా మొహం వంకా చూశాడు. “లోపట రొట్టెలు కొట్టేది నువ్వా బిడ్డా?” అన్నాడు. తిరుగుదారిలో తప్పక ఆగుతానని చెప్పి పోయాడు. దివాకర్ మొహం కందిపోయింది. గిరాకీ ముందు ఇజ్జత్ తీసినవని ఇంటికెళ్ళేదాకా అరిచాడు. సుమన పిండి మొత్తం బర్రె కుడితిలో కలిపేసింది.

మర్నాడు పొద్దున తానే గిర్నీకి పోయి పచ్చజొన్న పట్టించుకొచ్చింది. సాయంత్రం పరదా విప్పి మడిచి, పొయ్యిని రోడ్డు వైపుకు జరిపింది. భద్రమ్మ నెత్తి కొట్టుకుంది. “నలుగురు ఏమనుకుంటరే?”

“నలుగురితోని మన దుకాణం నడుస్తదా అత్తమ్మా? నలభై మంది రావాలె.”

మొదటి రొట్టె చేతుల మధ్య తిరుగుతుంటే బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ళు దగ్గరికొచ్చారు. ఒకామె పళ్ళెంలోని గింజలు వేళ్ళతో తాకి చూసింది. పెనం మీది రొట్టె పొంగగానే ఒక్కో అడుగు జరుగుతూ జనం చేరారు. బాలస్వామి దుకాణం ముందు ఆగిన కారు కూడా ఇటు తిరిగింది. సుమనకు చెప్పలేనంత హాయిగా ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి పని చేస్తూ ఆమెకు గాలి తగిలింది.

దివాకర్ కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తను నిలబడే చోట పొయ్యి ఉంది. గల్లాపెట్టె ఆమె మోకాలి దగ్గర ఉంది.

“మరి నేనేడ నిలబడాలె?” అన్నాడు చివరికి.

సుమన చేతిలో రొట్టె ఆపలేదు. “గీ వరుసల మనిషి నిలబడాలంటే పక్కోనికి రానిది ఏదో ఒకటి రావాలె,” అంది. “నీకేమొస్తది?”