అక్క లాగని దారం

మా తోడికోడలికి బట్టల మీద వేలాడే దారప్పోగు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. నోరారా అక్కా అని పిలుస్తానే గానీ, ఈ విషయంలో ఆవిడతో నాకు రోజూ గొడవే. బస్సులో ముందు సీటాయన కాలరు మీది పోగు లాగి చీవాట్లు తిన్న మనిషి. మా పెళ్లి ఫోటోలో కూడా ఆవిడ చెయ్యి నా మొగుడి భుజం మీదే ఉంటుంది, ఏదో పోగు కోసం.

ఇంటి ముందుగదిలోనే మా కుట్టుపని. ఆవిడ కత్తిరిస్తుంది, నేను కుడతాను. ఇద్దరి మీదా అజమాయిషీ మా పిల్లిది. పరిచిన ప్రతి గుడ్డ మీదా ఓసారి నడిచి చూస్తే గానీ వాడికి తోచదు. అందుకే ఇన్‌స్పెక్టర్ అని పేరు పెట్టాం. నన్ను లెక్కచెయ్యడు, అక్క మాటంటే మాత్రం చెవులు నిక్కబొడుచుకుంటాడు.

ఓ రోజంతా దారపు రీళ్లతో ఆడినవాడు, మర్నాడు ఉదయం బల్ల కింద ముడుచుకుపోయాడు. పాలు ముట్టలేదు. వాంతి మీద వాంతి. అక్క ఒళ్లోకి తీసుకుని నోరు తెరిచి చూస్తే, నాలుక కింద చుట్టుకుని ఎర్రదారం. ఒక కొస బయటికి వేలాడుతోంది, మిగతాది గొంతులోకి పోయింది.

లాగెయ్యమని అరిచాను. అక్క వేళ్లు అప్పటికే ఆ కొస దాకా వెళ్లాయి. అక్కడే ఆగిపోయాయి. నేను చెయ్యి చాపితే చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"ముట్టుకోకు. గౌనుకి కుచ్చులు ఎలా తీస్తాం? దారం కొస పట్టుకుని లాగితేనేగా. వాడి పేగులు కుచ్చులైపోతాయే."

పశువుల ఆసుపత్రికి వెళ్లే ఆటోలో దారి పొడుగునా వాడు పంజాతో ఆ దారాన్ని గీక్కోబోతుంటే, రెండు ముందుకాళ్లూ గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. రక్కినా వదల్లేదు. ప్రతి కుదుపుకీ ఆ ఎర్రకొస ఆవిడ కళ్ల ముందే ఊగుతోంది. కనపడ్డ పోగునల్లా లాగే చెయ్యి, ఆ ఒక్కదాని జోలికి పోలేదు. ఒకరిని మెచ్చుకోవడం నాకు చేతకాని పని. కానీ ఆ చేతుల్ని కళ్లకద్దుకోవాలనిపించింది.

పశువుల డాక్టరమ్మ చూసి, లాగకపోవడమే మంచిదైందనీ, లాగి ఉంటే పేగు తెగేదనీ చెప్పింది. ఆపరేషన్ తప్పదట. బతుకుతాడని మాత్రం మాటివ్వలేనంది. వాణ్ణి లోపలికి తీసుకెళ్లి తలుపు వేసేశారు.

బయట బల్ల మీద కూర్చున్నాం. హడావుడిలో వేసుకొచ్చిన నా కుర్తా చేతి అంచున పోగొకటి వేలాడుతోంది. అక్క చూపు దాని మీదే ఉంది. కాస్త ధ్యాస మళ్లుతుందని, లాగమని చెయ్యి చాచాను.

"ఇప్పుడొద్దు" అంది, రక్కులు పడిన చేతులు రెండూ తొడల కింద దాచుకుని. "లోపల వాడి దారం రానీ ముందు."

అప్పటిదాకా రాయిలా ఉన్న మనిషి అప్పుడు ఏడ్చింది. చాచిన చెయ్యి ఆవిడ భుజం చుట్టూ వేశాను.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. దారం మొత్తం వచ్చేసిందనీ, పేగు తెగలేదనీ, కళ్లు తెరిచాడనీ డాక్టరమ్మ చెప్పింది. అక్క తలూపింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగి, చేతి అంచున ఉన్న పోగు పట్టుకుని ఒక్క లాగు లాగింది. కుట్టంతా ఊడి అంచు కిందికి జారింది.

"ఇందాకట్నుంచీ చూస్తున్నాను దీన్ని" అంది.

నేను గొడవ పెట్టుకోలేదు. రెండో చెయ్యి కూడా చాచాను.