ఆరో నెల ఫోను

విండ్సర్‌లో కార్ల ఫ్యాక్టరీలు ఒక్కొక్క షిఫ్టే ఎత్తేస్తున్న రోజులవి. నెలనెలా ఇళ్లకు ఫోను చేసి, ఎవరికి పని ఉందో ఎవరికి లేదో అడగడం నా ఉద్యోగం. ఊరి ఉద్యోగాల లెక్క అలాగే తేలేది. ఒక్కో ఇంటిని ఆరు నెలలు అడిగి వదిలేస్తాం. పని లేని మనిషి వెతుకుతుంటేనే నిరుద్యోగి. వెతకడం మానేస్తే ఆ లెక్కలోంచి జారిపోతాడు. అందుకే నిరుద్యోగం తగ్గిందని రేడియో మురిసిపోయినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఎందరు విసిగిపోయి ఇంట్లో కూర్చుంటే తగ్గిందో అది చెప్పదు కదా. అయినా ఆ ఉద్యోగం మీద నాకు ఇప్పటికీ బెంగే. ఎన్ని గొంతులు, ఎన్ని వంటింటి చప్పుళ్లు!

వాటిలో బొడ్వాన్ దంపతుల ఇల్లొకటి. మొదటి నెల మాత్రం ఇంటికే వెళ్లి అడగాలి కాబట్టి నేను వెళ్తే ఇవెట్ గారు వేడివేడి తీపి టార్ట్ పెట్టి, తినేదాకా ప్రశ్నలు మొదలుపెట్టనివ్వలేదు. ఆవిడ భర్త ఆర్మాండ్ కార్లకు తలుపులు బిగించే మనిషి. షిఫ్టు ఎత్తేసినప్పుడు ఆయన్నీ పంపేశారు. తర్వాతి నెలల్లో ఫోనులో ఇద్దరి తరఫునా ఆవిడే చెప్పేవారు.

"గడిచిన నాలుగు వారాల్లో ఆయన పని కోసం వెతికారా అండీ?"

"వెతికాడమ్మా. మొన్న బేకరీలో అడిగొచ్చాడు. ఈయన్ని పెట్టుకుంటే రొట్టెలకి కూడా గొళ్లేలు బిగిస్తాడని చెప్పాను, వింటేగా."

వెనక నుంచి ఆయన గొణుగుడు వినిపించేది. నేను నవ్వు ఆపుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లేదాన్ని. రాసిన ప్రశ్న రాసినట్టే చదవాలి, ఓదార్చకూడదు, సలహా చెప్పకూడదు.

ఆరో నెల ఫోను ఆయనే ఎత్తారు. రేవులో అడిగాననీ, కుదరదన్నారనీ చెప్పారు. రాసుకుని, ఇదే ఆఖరి ఫోనని చెప్పి, ధన్యవాదాలు చెప్పాను.

"ఆఖరిదా?"

"అవునండీ. ఆరు నెలలే అడుగుతాం."

 ఆయన అన్నారు, "నిజం చెప్పనా అమ్మాయ్. ఈ వయసులో నన్నెవరూ పెట్టుకోరని నాకు ఎప్పుడో అర్థమైంది. నువ్వడిగితే ఇవెట్ నీకు అబద్ధం చెప్పాల్సొస్తుందని, నీ ఫోను రాకముందే కోటేసుకుని బయల్దేరేవాణ్ణి. లేకపోతే ఈ కుర్చీలోంచి లేచేవాణ్ణి కాదు."

నేను రాయడం ఆపి పెన్ను పక్కన పెట్టాను.

"పై నెల కూడా ఒక్కసారి అడుగు. లెక్కలో రాయకులే. ఊరికే అడుగు, చాలు."

అడగాలనే ఉంది. కానీ గడువు తీరిన ఇంటికి ఫోను చేస్తే నా ఉద్యోగం పోతుంది. "కుదరదండీ" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే చేదుగా అనిపించింది.

"పోనీలే. నీ పని నువ్వు చూసుకో తల్లీ" అని ఫోను పెట్టేశారు.

పై నెల ఫోన్ల వారం వచ్చింది. ఆయన నంబరు నాకు నోటికి వచ్చు. రిసీవరు పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి వాళ్ల వెనక వీధిలో పోయిన నెలే లెక్కలో చేరిన ఇంటికి చేశాను. అక్కడ అందరికీ పనులున్నాయి. ఆర్మాండ్ గారు ఆ వారం కుర్చీలోంచి లేచారో లేదో నాకు ఈనాటికీ తెలియదు.