పిచ్చుకకి గడియారం కనిపించాలి

తమ్ముడు పిల్లల బండిని నా కొట్లోకి తోసుకొచ్చి, రిపేరుకొచ్చిన సైకిళ్ళ మధ్య నిలబెట్టాడు.

"దీని చక్రాలు మార్చాలన్నయ్యా," అన్నాడు. నా మొహం చూడలేదు.

అంటే యూరప్ ప్రయాణం ఖాయమైందన్నమాట. నేను లేకుండా.

మొన్నటిదాకా అనుకున్నది వేరు. నాలుగు రోజులు, ఒకే ఊరు, ఇద్దరు పిల్లలు. అక్కడి పాత వీధులన్నీ రాళ్ళు పరిచినవట. ఈ బుల్లి చక్రాలు ఆ రాళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయట. అందుకని బండి వద్దు, చంటోణ్ణి తమ్ముడు ఎత్తుకుంటాడు, పిచ్చుకని నేను ఎత్తుకోవాలి. పిచ్చుకంటే తమ్ముడి కూతురు, నాలుగేళ్ళది. గంట కొట్టగానే బొమ్మలు బయటికొచ్చే పెద్ద గడియారం ఆ ఊళ్ళో ఉందని వాళ్ళ నాన్న ఫోన్లో చూపించిన దగ్గర్నుంచీ దానికి వేరే ధ్యాస లేదు. జనంలో పెదనాన్న భుజాలెక్కితేనే కనిపిస్తుందని అదే తేల్చేసింది. రోజూ సాయంత్రం వచ్చి నా భుజాలెక్కేది. నేను రెంచితో రిమ్ము మీద టంగుమని కొట్టగానే, పైన వేలాడే టైర్లకేసి చూస్తూ "బొమ్మలొచ్చాయ్!" అని అరిచేది.

ఇదంతా తెలిసీ నోరు జారాను. భోజనాల దగ్గర మరదలు, "మీరొస్తే పెద్ద ఆసరా బావగారూ, పిల్లల్ని ఎత్తుకోవడానికి ఓ మనిషి ఉండాలి," అనేసరికి ఎక్కడో కాలింది.

"మనిషా, కూలీయా అమ్మా? ఏడో తరగతితో బడి మానేసినవాడు మోతకి తప్ప ఇంకెందుకు పనికొస్తాడులే."

"అయ్యో, నేనన్నదేంటి, మీరంటున్నదేంటి!"

తమ్ముడు నవ్వులోకి తిప్పబోయాడు. "సర్లే, నువ్వు రాజువి. నేనే నిన్ను మోస్తాలే, రా."

"రాను. కొట్టెవడు చూస్తాడు?"

కొట్టుకి తాళం వేస్తే చాలని అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. ఇంకోసారి బతిమాలతారని కూర్చున్నాను. బతిమాలలేదు. టికెట్లు కొనేశారు.

పిల్లల సైకిళ్ళ పాత చక్రాలు వెతికి బండికి తొడిగాను. గాలి కొట్టి, ఇరుసులు బిగించి, వీధిలో గుంతల మీద తోసి చూశాను. వెధవ బండి, వెన్నలా జారుకుంటూ పోయింది. ఇంత బాగా ఎందుకు చేశానా అనిపించింది.

పిచ్చుక వచ్చి అందులో కూర్చుంది. అటూ ఇటూ చూసింది. "ఇందులోంచి గడియారం కనిపించదు పెదనాన్నా. అన్నీ కాళ్ళే."

ఇనప గొట్టం ముక్క సీటు కింద పెట్టి ఎత్తు పెంచాను. తమ్ముడు చేత్తో ఊపి చూశాడు.

"పడిపోతుందన్నయ్యా."

నిజమే. గొట్టం తీసేశాను.

"ఒరే, ఇంకో టికెట్..." అన్నాను, శుభ్రంగా ఉన్న రెంచినే మళ్ళీ తుడుస్తూ.

"ఇప్పుడు వీసాకి పెడితే, మేం వెళ్ళొచ్చాక వస్తుందన్నయ్యా. ఆరోజే సరేనని ఉంటే..."

పిచ్చుక చేతులు చాచింది. భుజాల మీద కూర్చోబెట్టుకున్నాను. రెంచి అందుకుని రిమ్ము మీద కొట్టాను. పైనుంచి చప్పుడు లేదు. మళ్ళీ కొట్టాను.

"బొమ్మలు రాలేదటే?"

"ఇక్కడ రావు పెదనాన్నా. అక్కడొస్తాయి," అంది. "దింపు."